గోడ మీది నాచులో నీళ్ల దారి ఎటు?

శ్రీ సిటీలో నాచు చూడాలంటే కార్తీక మాసం మంచి అదను. ఈ సీమకు నైరుతి వానలకన్నా ఈశాన్య వానలే పెద్ద దిక్కు. అక్టోబరు మధ్య నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతం మీంచి వచ్చే మబ్బులు సత్యవేడు, వరదయ్యపాలెం, తడ ప్రాంతాలను నానబెట్టి పోతాయి. మే నెలలో నల్లగా ఎండిపోయి కనిపించిన ప్రహరీ గోడల అడుగు భాగం ఒక్క ముసురుకే పచ్చబడుతుంది. ఫ్యాక్టరీ గోడల ఉత్తరం వైపు, సిమెంటు కాలవల అంచులు, కల్వర్టుల లోపలి గోడలు, వేపచెట్ల నీడలో రోడ్డు వార రాళ్లు, ఇవన్నీ నాచు పట్టే చోట్లు. ఎండాకాలంలోనే చూడాలనుకునేవాళ్లు ఏసీ నీళ్లు కారే గొట్టం చివర వెతకాలి. చుట్టూ అంతా మాడిపోతున్నా అక్కడ మాత్రం జానెడు మేర పచ్చగా ఉంటుంది.

పాఠ్యపుస్తకాల్లో నాచుమొక్కల గురించి ఒక వాక్యం తప్పకుండా ఉంటుంది: వీటికి ప్రసరణ కణజాలం లేదు. అంటే వేరు నుంచి ఆకు దాకా నీళ్లు మోసే జైలం లేదు, ఆకులో తయారైన ఆహారాన్ని మిగతా ఒంటికి చేరవేసే ఫ్లోయమూ లేదు. పిల్లలు ఆ వాక్యాన్ని కంఠతా పట్టి మార్కులు తెచ్చుకుంటారు. కానీ ‘లేదు’ అన్న మాట దగ్గరే పాఠం ఆగిపోతే, నాచు ఏదో లోపంతో పుట్టిన మొక్క అన్న అభిప్రాయం జీవితాంతం ఉండిపోతుంది. నాకది నచ్చదు. నీళ్ల గొట్టాలు లేకుండానే సుమారు 12,000 జాతులుగా అంటార్కిటికా మంచు అంచుల నుంచి మన పెరటి గోడ దాకా బతుకుతున్న మొక్కకు తనదంటూ ఒక పద్ధతి ఉండి తీరాలి. ఆ పద్ధతిని ఇంట్లోనో బడిలోనో ఎవరి చేతులతో వాళ్లు చేసి చూసుకునే విధానం ఇక్కడ రాస్తున్నాను.

కావలసిన సామాను ఎక్కువేం లేదు. ఒక పాత చాకు, కొన్ని కాగితపు కవర్లు, పది రెట్లు పెద్దదిగా చూపే చేతి భూతద్దం, కొత్త బ్లేడు, ఎర్ర ఇంకు, రెండు గాజు గ్లాసులు, ఒక క్యారెట్, కాస్త అద్దుడు కాగితం. పోల్చి చూడటానికి ఒక కాశీతుమ్మ మొక్క, అదే నర్సరీల్లో బాల్సమ్ అంటారే, అది. దాని కాండం నీరుపట్టి, లోపల ఏం జరుగుతోందో బయటికి కనిపించేంత లేతగా ఉంటుంది. దొరక్కపోతే లేత తోటకూర కాడ చాలు. చివరి దశలకు సూక్ష్మదర్శిని కావాలి, దానికి దగ్గర్లోని కాలేజీనో హైస్కూలునో ఆశ్రయించాలి.

ముందుగా నాచును గుర్తుపట్టడం

తడి గోడ మీద పచ్చగా కనిపించేదంతా నాచు కాదు. వేలితో రాసి చూడండి. జిగటగా జారి వేలికి పచ్చటి మరక అంటితే అది పాచి, అంటే శైవలం. గోడకు రంగు వేసినట్టు అతుక్కుపోయి, గోకితే పొడిగా రాలేది లైకెన్. వేలికి మెత్తగా, గుబురుగా తగిలి, భూతద్దంలో చూస్తే ఒక్కొక్కటీ కాండమూ ఆకులూ ఉన్న బుల్లి మొక్కగా విడివిడిగా కనిపించేదే మనకు కావలసింది. ఒకే గోడ మీద ఈ మూడూ పక్కపక్కనే ఉండటం మామూలే కాబట్టి భూతద్దం లేకుండా చేయి పెట్టొద్దు.

మైదాన ప్రాంతాల సిమెంటు, ఇటుక గోడల మీద బాగా ఎక్కువగా కనిపించే నాచుల్లో ఒకటి హయోఫిలా ఇన్వల్యూటా. ఎత్తు సెంటీమీటరు లోపే. తడిగా ఉన్నప్పుడు ఆకులు వెడల్పుగా విచ్చుకుని, పైనుంచి చూస్తే చిన్న పువ్వు ఆకారం కనిపిస్తుంది. ఇంకొన్ని చోట్ల బ్రయమ్ జాతులు దొరుకుతాయి. జాతి పేరు కచ్చితంగా తేల్చడం నిపుణుల పని, మన పరీక్షలకు అది అడ్డం కాదు.

చాకును గోడకు సమాంతరంగా పట్టి, నాచు అడుగు నుంచి మెల్లగా తోయండి. రూపాయి బిళ్లంత ముక్క చాలు, మిగతాది అక్కడే ఉంచండి. ప్లాస్టిక్ కవర్లో వేస్తే చెమ్మ పట్టి బూజు వస్తుంది కనుక కాగితపు కవర్లోనే వేయాలి. ఉబ్బలమడుగు జలపాతం దగ్గర, తలకోనలో ఇంతకంటే దట్టమైన నాచు ఉంటుంది. అవి రక్షిత అడవులు. అక్కడ చూసి రావాలి తప్ప గోకి తేకూడదు. ఊళ్లోని గోడలే ఈ పనికి చాలు.

గోడ దగ్గరికి వెళ్లినప్పుడే ఇంకొక మొక్క కోసం కూడా చూడండి. పాత గోడల సున్నం నెర్రెల్లో, బావుల లోపలి వరసల్లో పొడుగాటి ఈనెకు రెండు వైపులా సన్నటి ఆకులతో ఒక ఫెర్న్ పెరుగుతుంది. దాని పేరు టెరిస్ విట్టాటా. దాని మట్ట ఒకటి తెచ్చుకోండి. పూలు పూయని మొక్కలన్నీ ఒకే బాపతు అనుకునే పొరపాటు దీనివల్ల పోతుంది. నాచుకు లాగే ఫెర్న్‌కూ పువ్వూ లేదు, విత్తనమూ లేదు. అయినా నీళ్ల గొట్టాల విషయంలో అది వేపచెట్టు పక్షం.

గోడ గోకుతుంటే ఎవరో ఒకరు ఆగి అడగడం ఖాయం. ఒక ప్రహరీకి సున్నం కొడుతున్న మేస్త్రి నన్నట్లాగే అడిగాడు. “ఏంది సార్, పాచి గీకతా ఉండారు? దీన్ని వదిలేస్తే గోడ పోతాది కదా?” గోడను చీల్చేది ఇది కాదన్నా, అదిగో ఆ పైన మొలిచిన రావి మొక్క అని చూపించాను. “ఓ, దానికి వేరుంటాది. దీనికి వేరే లేదే!” అన్నాడు ఆయన, చేతిలోకి తీసుకుని తిప్పి చూసి. వేరు లేదని ఆయన కన్ను పట్టేసింది. ఆ సంగతి తర్వాత వస్తుంది.

ఎండబెట్టి తడపడం

మొదటి పరీక్షకు ఓపిక ఒక్కటే కావాలి. తెచ్చిన నాచు ముక్కను కాగితం మీద పెట్టి నీడలో, గాలి తగిలే చోట వారం రోజులు వదిలేయండి. పక్కనే కాశీతుమ్మ కొమ్మ ఒకటి పెట్టండి. వారం తర్వాత రెండూ ఎండి ఉంటాయి. హయోఫిలా ఆకులు రెండు అంచుల నుంచీ లోపలికి చుట్టుకుపోయి, పచ్చదనం పోయి గోధుమ రంగు ముళ్లుగా కనిపిస్తాయి.

ఇప్పుడు భూతద్దం కంటికి ఆనించి పట్టుకుని, నాచు మీద ఒక్క చుక్క నీళ్లు వేసి చూపు తిప్పకుండా చూడండి. ఆకులు కదులుతాయి. చుట్ట విప్పుకుని, పక్కకు ఒరిగి, నిమిషం తిరిగేలోగా పచ్చగా విచ్చుకుంటాయి. కాశీతుమ్మ కొమ్మ మీద చెంబుడు నీళ్లు పోసినా లేవదు. ఈ విధానంలో ఒక్క దశ మాత్రమే చేయడానికి తీరిక ఉన్నవాళ్లు దీన్నే చేయాలి. పిల్లల చేత చేయిస్తే మరీ మంచిది, ఎందుకంటే కదలిక కంటికి కనిపిస్తుంది.

ఆకు విచ్చుకోవడం ఒట్టి భౌతికమైన మార్పే, చచ్చిన నాచు కూడా నీళ్లు తగిలితే విప్పుకోగలదు. అసలు విషయం కణం లోపల ఉంది. ఎండను ఓర్చుకునే నాచుల్లో కణాలు తమలోని నీళ్లు దాదాపు అన్నీ పోయేదాకా ఎండిపోయి కూడా చావవు. ఎండే సమయంలో చక్కెరలు, కొన్ని ప్రొటీన్లు కణపొరలను కాచుకుంటాయి. తడి తగలగానే దెబ్బతిన్న పొరల మరమ్మతు మొదలవుతుంది, కొద్దిసేపట్లోనే శ్వాసక్రియ, ఆ వెనకే కిరణజన్య సంయోగక్రియ తిరిగి పుంజుకుంటాయి. అంటార్కిటికా దగ్గరి సిగ్నీ దీవిలో 1,500 ఏళ్లకు పైగా మంచులో గడ్డకట్టి ఉన్న నాచు పొరను బయటికి తీసి వెలుగూ తేమా ఇస్తే చిగురు వేసిందని 2014లో బ్రిటన్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అన్ని నాచులకూ ఈ శక్తి ఒకే మోతాదులో లేదు. ఎప్పుడూ తడిగా ఉండే జలపాతం అంచుల నాచుల్లో చాలా వాటికి ఇంత ఎండు తట్టుకునే అలవాటు లేదు.

మే నెలలో వేపచెట్టు పచ్చగా ఉంటుంది, దాని నీడలోని నాచు ఎండి ఉంటుంది. వేపచెట్టు లోతు నుంచి నీళ్లు తోడుకుంటూ, ఆకుల మీద మైనపు పొర కప్పుకుని, పత్రరంధ్రాలు తెరుస్తూ మూస్తూ, ఎలాగైనా సరే ఒంట్లో తడి తగ్గకుండా చూసుకుంటుంది. నాచు ఆ పోరాటమే పెట్టుకోదు. బయట తడి ఉంటే లోపలా తడి, బయట ఎండితే లోపలా ఎండు. గొట్టాలు ఉండటం, లేకపోవడం అన్న తేడాకు అసలు అర్థం ఇక్కడుంది. మినహాయింపులు అటువైపూ ఉన్నాయి. సంజీవని పేరుతో మార్కెట్లో అమ్మే సెలాజినెల్లా బ్రయోటెరిస్‌కు ప్రసరణ కణజాలం ఉంది, అయినా అది ముడుచుకుని ఎండి, నీళ్లు తగిలితే మళ్లీ బతుకుతుంది. కాకపోతే గొట్టాలున్న మొక్కల్లో అలాంటివి చాలా తక్కువ.

ఎర్ర ఇంకు దారి చూపిస్తుంది

గ్లాసులో సగం నీళ్లు పోసి, రంగు గట్టిగా కనిపించేటంత ఎర్ర ఇంకు కలపండి. కాశీతుమ్మ కొమ్మను నీళ్లలో ముంచి ఉంచే కోయాలి. గాలిలో కోస్తే కోత దగ్గర గాలి బుడగ దూరి నీటి దారి తెగిపోతుంది. కోసిన కొమ్మను వెంటనే ఇంకు నీళ్లలో నిలబెట్టి, వెలుతురూ గాలీ ఉన్న కిటికీ దగ్గర పెట్టండి. గంట, రెండు గంటల్లో కాండం లోపల ఎర్రటి గీతలు నిలువుగా పైకి పాకడం కనిపిస్తుంది. ఇంకాసేపటికి ఆకు ఈనెలు ఎర్రబడతాయి. ఫెర్న్ మట్టతో చేసినా ఇదే వరస.

ఈ ఇంకును పైకి లాగుతున్నది కింద నుంచి తోసే బలం కాదు. ఆకుల నుంచి నీరు ఆవిరవుతుంటే, దాని వెనక ఉన్న నీటి తీగ తెగకుండా పైకి లాక్కు వస్తుంది. నీటి అణువులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉండటం వల్లే ఇది సాగుతుందని 1894లో డబ్లిన్‌లో హెన్రీ డిక్సన్, జాన్ జోలీ వివరించారు. అందుకే అదే కొమ్మను మూసిన గదిలో, తేమగా ఉన్న చోట పెడితే ఇంకు నత్తనడక నడుస్తుంది. రెండు గ్లాసులు తెమ్మన్నది ఇందుకే. ఒకటి కిటికీ దగ్గర, ఒకటి పాలిథిన్ కవరు కప్పి పెట్టి తేడా చూడండి.

ఇప్పుడు నాచు వంతు. ఒక పళ్లెంలో ఇంకు నీళ్లు పలచగా పోసి, బాగా ఎండిన నాచు గుబురును అడుగు మాత్రమే తడిసేలా అందులో పెట్టండి. రంగు పైకి ఎక్కుతుంది. ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు, ఇదీ ఎక్కిందిగా, మరి తేడా ఏముంది అని. తేడా చూడాలంటే గుబురు నుంచి ఒక్క మొక్కను చిమటాతో విడదీసి, విడిగా అలాగే నిలబెట్టాలి. రంగు ఎక్కడం బాగా మందగిస్తుంది. గుబురుగా ఉన్నప్పుడు మాత్రమే, కాండానికీ ఆకుకూ మధ్య సందుల్లో, పక్కపక్క మొక్కల మధ్య ఇరుకుల్లో, దీపపు వత్తిలో నూనె ఎక్కినట్టు నీళ్లు ఎక్కుతాయి. దారి మొక్క లోపల కాదు, మొక్క వెలుపల ఉంది. నాచు ఒంటరిగా కాక గుంపుగా పెరగడానికి ఇదొక బలమైన కారణం.

దీన్ని తూచి కూడా చూడొచ్చు. నగల దుకాణాల్లో వాడే చిన్న ఎలక్ట్రానిక్ తూనిక ఉంటే ఎండిన గుబురును ముందు తూచండి. నీళ్లలో ముంచి తీసి, కారే నీళ్లు కారనిచ్చి మళ్లీ తూచండి. తర్వాత అద్దుడు కాగితం మధ్య పెట్టి మెల్లగా అదిమి మూడోసారి తూచండి. రెండో తూకానికీ మూడో తూకానికీ మధ్య తేడా నాచు ఒంటి మీద పట్టి ఉంచుకున్న నీరు. మూడో తూకానికీ మొదటిదానికీ మధ్య తేడా కణాల లోపలికి పోయిన నీరు. బయటి వాటా ఎంత పెద్దదో అంకెల్లో కనిపిస్తుంది. కాశీతుమ్మ ఆకుతో ఇదే చేస్తే బయట నిలిచే నీరు నామమాత్రం.

ఇంకొక చిన్న పని. కాశీతుమ్మ ఆకు మీద, చేమ ఆకు మీద, నాచు కొస మీద తలా ఒక చుక్క ఇంకు నీళ్లు వేయండి. చేమ ఆకు మీది చుక్క ముత్యమై జారిపోతుంది. కాశీతుమ్మ మీదిది చాలాసేపు నిలుస్తుంది. నాచు మీది చుక్క కనిపించకుండా పోతుంది. మైనపు పొర పలచగా ఉండటమో అసలు లేకపోవడమో వల్ల నాచు ఆకు ఏ వైపు నుంచైనా నేరుగా నీళ్లు తాగుతుంది. నీటితో పాటు దుమ్మూ, అందులోని లవణాలూ, లోహాలూ కూడా లోపలికి పోతాయి. అందుకే చాలా దేశాల్లో గాలిలో లోహాల కాలుష్యం కొలవడానికి నాచును సేకరించి పరీక్షిస్తారు. పారిశ్రామిక వాడల పక్కన చదువుకునే పిల్లలు ఇది తెలుసుకోవాలని నా కోరిక.

కోసి చూడటం

క్యారెట్ ముక్కలో నిలువుగా చిన్న నెర్రె పెట్టి, అందులో నాచు కాండాన్ని ఇరికించి, క్యారెట్‌తో సహా బ్లేడుతో పలచగా అడ్డంగా కోయండి. ముక్కలు నీళ్లలో రాలనిచ్చి, వాటిలో అన్నిటికన్నా పలచనిదాన్ని స్లైడు మీద పెట్టాలి. చేయి కుదరడానికి సమయం పడుతుంది, విసుక్కోవద్దు. కాశీతుమ్మ కాండాన్ని కోయడం తేలిక. ఇంకు పీల్చిన కాండాన్నే కోస్తే అంచు చుట్టూ వరసగా ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. ఒక్కొక్క చుక్కా ఒక నాళికాపుంజం. ఎరుపెక్కిన భాగం జైలం.

జైలం కణాలు పని మొదలుపెట్టే వేళకు చచ్చిపోయి, లోపల ఖాళీగా ఉంటాయి. వాటి గోడలకు లిగ్నిన్ అనే గట్టి పదార్థం పూత పడి ఉంటుంది. ఆకులు పైనుంచి లాగుతుంటే గొట్టం లోపలికి నొక్కుకుపోకుండా ఆపేది అదే. కాలేజీ ల్యాబులో ఫ్లోరోగ్లూసినాల్‌తో పాటు హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేస్తే లిగ్నిన్ ఉన్న చోటల్లా ఎర్రటి గులాబీ రంగు తేలుతుంది. ఆమ్లం కనుక టీచరు పక్కన ఉన్నప్పుడే చేయాలి. కాశీతుమ్మ ముక్కలో, ఫెర్న్ ముక్కలో రంగు వస్తుంది. నాచు ముక్కలో రాదు.

కానీ నాచు ముక్కను జాగ్రత్తగా చూడండి. చాలా జాతుల్లో కాండం నట్టనడుమ సన్నటి గోడలున్న చిన్న కణాల గుంపు ఒకటి కనిపిస్తుంది. వీటిని హైడ్రాయిడ్లు అంటారు. ఇవీ చచ్చిన కణాలే, ఇవీ కొంత నీరు మోస్తాయి. పాలిట్రైకమ్ వంటి పెద్ద నాచుల్లో వీటి చుట్టూ ఆహారం మోసే లెప్టాయిడ్లు కూడా ఉంటాయి. వీటిలో లిగ్నిన్ పూత లేదు. కాబట్టి ‘నాచులో ప్రసరణ లేదు’ అనడం కన్నా ‘లిగ్నిన్‌తో గట్టిపడిన గొట్టాలు లేవు’ అనడం సరైన మాట. స్కాట్లాండ్‌లోని రైనీ గ్రామం దగ్గరి రాళ్లలో సుమారు 41 కోట్ల ఏళ్ల నాటి అగ్లావోఫైటన్ అనే మొక్క శిలాజాలు దొరికాయి. దాని లోపలి నీటి కణాలు నిజమైన జైలం కన్నా నాచు హైడ్రాయిడ్లకే దగ్గరగా ఉన్నాయి. గొట్టం ఒక్కసారిగా ఊడిపడలేదన్నమాట. ఇప్పటి జన్యు పరిశోధనలను బట్టి నాచు చెట్టుకు తాత కాదు, దాయాది. రెండు శాఖలూ ఒకే పూర్వీకుల నుంచి చీలి వేర్వేరు దారుల్లో వచ్చాయి.

ఆకు సంగతికి వస్తే, నాచు ఆకును కోయనక్కర్లేదు. ఒకటి తుంచి నీటి చుక్కలో పెట్టి చూడండి. మధ్య ఈనె తప్పితే ఆకు మందం చాలా చోట్ల ఒకే ఒక కణం. ఆకుపచ్చ రేణువులు ఒక్కొక్కటీ లెక్కపెట్టేటంత స్పష్టంగా ఉంటాయి. దీనికి పత్రరంధ్రాలు లేవు. పక్కనే రియో అనే పెరటి మొక్క ఆకు అడుగు పొరను ఒలిచి పెడితే పత్రరంధ్రాలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. గొట్టాలున్న మొక్క ఆకు దళసరిగా, పొరలు పొరలుగా ఉండగలుగుతున్నదంటే లోపలి పొరలకు నీళ్లు తెచ్చిపెట్టే ఈనెలు ఉండబట్టే.

మేస్త్రి పట్టుకున్న సంగతి ఇప్పుడు చూద్దాం. నాచు అడుగున గోధుమ రంగు పోగులు కనిపిస్తాయి. ఇవి మూలతంతువులు, వరసగా పేర్చిన కణాలు అంతే. గోడను పట్టుకుని ఉండటమే వీటి ముఖ్యమైన పని. రావి వేరు నెర్రెలోకి దూరి, ఏటేటా లావెక్కి ఇటుకలను విడగొడుతుంది. నాచుకు లావెక్కే వేరే లేదు. గోడ మీద నాచు ఉందంటే ఆ గోడలో చెమ్మ నిలుస్తోందని గుర్తు, బాగు చేయాల్సింది ఆ చెమ్మను. మెట్ల మీద, నడిచే దారిలో నాచును తీసేయాల్సిందే, జారి పడతారు. ఎవరూ నడవని గోడ మీది నాచును ఆమ్లం పోసి చంపడం మాత్రం నాకు అనవసరంగా తోస్తుంది.

ఎవరు తల్లి, ఎవరు బిడ్డ

వానలు పడ్డ కొన్ని వారాలకు బ్రయమ్ వంటి నాచుల మీద సన్నటి కాడలు లేచి, వాటి కొసన చిన్న గుళికలు వేలాడతాయి. హయోఫిలా మీద ఇవి కనిపించడం తక్కువ. అది ఎక్కువగా ఆకుల సందుల్లో పుట్టే చిన్న కణాల ముద్దలను రాల్చి వాటి నుంచే కొత్త మొక్కలను పుట్టిస్తుంది. గుళిక దొరికితే మాత్రం అదృష్టం.

పచ్చటి నాచు మొక్క సంయోగబీజదం, అంటే మగ, ఆడ కణాలను తయారుచేసే తరం. కాడ, గుళిక సిద్ధబీజదం, అంటే తర్వాతి తరం. ఆ రెండో తరం తల్లి ఒంటి మీదే నిలబడి, తల్లి నుంచే నీళ్లూ ఆహారమూ తీసుకుంటుంది. ఫెర్న్‌లో, వేపలో, మామిడిలో వరస తిరగబడింది. మనం చూసే మొక్క మొత్తం సిద్ధబీజదమే. సంయోగబీజదం ఫెర్న్‌లో గోరంత పలచటి రేకుగా మిగిలింది, పూల మొక్కల్లో పుప్పొడి రేణువు లోపలికీ, అండం లోపలికీ ముడుచుకుపోయింది. నాచులకూ ఫెర్న్‌లకూ ఈ తరాల మార్పిడి ఒకే సూత్రం మీద నడుస్తుందని 1851లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హాఫ్‌మైస్టర్ చూపించాడు. ఇంకొక వింత, నాచు ఆకుకు లేని పత్రరంధ్రాలు చాలా జాతుల్లో ఈ గుళిక మీద ఉంటాయి.

గుళిక పండి మూత ఊడినప్పుడు, దాని నోటి చుట్టూ సన్నటి పళ్ల వరస కనిపిస్తుంది. కాలేజీలో ఫ్యునేరియా నమూనా ఉంటే, ఎండిన గుళికను సూక్ష్మదర్శిని కింద పెట్టి దాని మీద మెల్లగా ఊపిరి వదలండి. తేమ తగిలి పళ్లు ముడుచుకుంటాయి, ఆరగానే మళ్లీ తెరుచుకుంటాయి. గాలి పొడిగా ఉన్నప్పుడే సిద్ధబీజాలు బయటపడటానికి ఏర్పాటు అది.

నాచు మగకణానికి రెండు తోకలుంటాయి. అది నీళ్లలో ఈదుకుంటూ ఆడకణాన్ని చేరాలి. మధ్యలో నీటి పొర తెగితే పని ఆగిపోతుంది. ఈదే మగకణం గొట్టాలున్న మొక్కల్లో పూర్తిగా పోలేదు. ఫెర్న్‌లలో ఉంది. శేషాచలం, కడప కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని సైకస్ బెడ్డోమీ ఉంది కదా, ఆ సైకస్ వర్గంలోనూ ఉంది. సైకస్‌లో ఈదే మగకణాన్ని జపాన్ శాస్త్రజ్ఞుడు ఇకెనో 1896లో తొలిసారి చూశాడు. కాకపోతే సైకస్ ఈత కొట్టడానికి వాన కోసం చూడదు, అండం లోపల తన నీళ్లు తనే సమకూర్చుకుంటుంది.

ఎత్తు లెక్క

ప్రపంచంలోకెల్లా పొడుగైన నాచుల్లో ఒకటి డాసోనియా సుపర్బా. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా ప్రాంతాల్లో పెరుగుతుంది, అరమీటరు దాకా లేస్తుంది. అదీ హైడ్రాయిడ్లు బాగా పెరిగినందువల్లే. గొట్టాలున్న మొక్కల్లో కాలిఫోర్నియా రెడ్‌వుడ్ చెట్టు 115 మీటర్లు దాటింది. లిగ్నిన్ ఒక్కటే రెండు పనులు చేస్తుంది, నీళ్ల గొట్టం నొక్కుకుపోకుండా ఆపుతుంది, చెట్టును నిలబెడుతుంది.

మన సీమలో దీనికి ఎర్రచందనం కన్నా మంచి ఉదాహరణ లేదు. 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించిన శేషాచలం కొండల్లోనూ, వాటికి ఆనుకున్న తూర్పు కనుమల దక్షిణ భాగంలోనూ ఆ చెట్టు సహజంగా పెరుగుతుంది. దొంగల గొడ్డళ్లు పడుతున్నది దాని చేవ కోసం. ఆ చేవ మొత్తం పాతబడిన జైలమే. వృక్షశాస్త్రం దృష్టిలో కలప అంటేనే జైలం. చేవలోని గొట్టాలు రంగు పదార్థాలతో పూడిపోయి నీళ్లు మోయడం మానేసి ఉంటాయి. చెట్టుకు నీళ్లు మోసేది దాని చుట్టూ ఉండే తెల్లటి చెక్క. అదే చెట్టు మొదట్లో, బెరడు మీద వాన కాలంలో నాచు పడుతుంది. లోపల మనిషి ఎత్తుకు ఎన్నో రెట్ల ఎత్తుకు నీళ్లు ఎక్కుతుంటాయి, బయట నాచు బెరడు మీంచి జారే చుక్కను ఆకుతోనే తాగుతుంది. నాచు ఆ చెట్టు లోపలి నీళ్లు ముట్టుకోదు, కాబట్టి అది బదనిక కాదు.

చివరగా భద్రపరచడం

పరీక్షలన్నీ అయ్యాక మిగిలిన నాచును పారేయొద్దు. సగాన్ని వచ్చిన గోడ దగ్గరికే తీసుకెళ్లి, నీడగా తడిగా ఉన్న చోట వేలితో అదిమి పెట్టండి. వానలు ఇంకా మిగిలి ఉంటే పట్టుకునే అవకాశం ఉంది. ముక్క ముక్కకూ కొత్త మొక్కను పుట్టించే శక్తి నాచుకు ఉంది.

మిగతా సగాన్ని నమూనాగా దాచాలి. పూల మొక్కలకు చేసినట్టు అట్టల మధ్య బరువు పెట్టి నొక్కనక్కర్లేదు. గాలికి ఆరనిచ్చి, మందపాటి కాగితాన్ని మడిచి చేసిన పొట్లంలో పెడితే చాలు. ఎన్నేళ్లయినా సూక్ష్మదర్శిని కింద చూడాలనుకున్నప్పుడు చుక్క నీళ్లు వేస్తే ఆకులు మళ్లీ విప్పుకుంటాయి. పొట్లం మీద సేకరించిన తేదీ, ఊరు, మండలం పేరు రాయాలి. దేని మీద పెరిగిందో కూడా రాయాలి: సిమెంటు గోడా, ఇటుకా, రాయా, బెరడా, మట్టా. గోడ ఏ దిక్కుకు ఉంది, పక్కన నీళ్లు కారే గొట్టం గానీ చెట్టు నీడ గానీ ఉందా, గుళికలు ఉన్నాయా లేవా, ఇవి రాయకపోతే రేపు ఆ పొట్లం తెరిచి జాతి తేల్చాలనుకునే వాళ్లకు సగం ఆధారం పోయినట్టే. పెన్సిలుతో రాయండి, ఇంకు తడికి అలుక్కుపోతుంది.